ఫ్రాంక్లిన్ ఓడల మస్టర్ చూడాలా? రీడర్స్ టికెట్ ఇలా తీసుకోండి

1845 మే 19న బ్రిటిష్ నౌకాదళ అధికారి సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలతో ఆర్కిటిక్ మంచులోంచి పసిఫిక్‌కు దారి వెతకడానికి ఇంగ్లండ్ నుంచి బయల్దేరాడు. వెళ్లిన 134 మందిలో ఐదుగురిని గ్రీన్‌లాండ్ నుంచే వెనక్కి పంపేశారు. మిగిలిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

వాళ్ల సామాను చూడటానికి దరఖాస్తేమీ అక్కర్లేదు. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. 1854లో జాన్ రే అనే అన్వేషకుడు ఆర్కిటిక్ స్థానికులైన ఇన్యూట్ల దగ్గర కొన్న వెండి చెంచాలు, ఫోర్కులు ఆ మ్యూజియానివే. 1859లో ఆర్కిటిక్‌లోని కింగ్ విలియం దీవిలో రాళ్ల గుట్ట దగ్గర దొరికిన కాగితమూ దానిదే. అదీ ఒక అచ్చు ఫారమే! దొరికినవాళ్లు అడ్మిరల్టీకి (బ్రిటన్ నౌకాదళాన్ని నడిపే శాఖ) పంపాలని ఆరు భాషల్లో ముద్రించి ఉంటుంది. 1847 మేలో అందులో 'అంతా క్షేమం' అని రాశారు. మరుసటి ఏప్రిల్‌లో అదే కాగితం అంచుల చుట్టూ ఇరికించి, ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11న చనిపోయాడని, 105 మంది ఓడలు వదిలేశారని రాశారు. దాని ఫొటో మ్యూజియం వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

రీడర్స్ టికెట్, అంటే అసలు కాగితాలు తెప్పించుకుని చదవడానికి ఇచ్చే కార్డు, కావాల్సింది నౌకాదళం కాగితాలకు. అవి లండన్ పడమటి వైపు క్యూ అనే చోట, బ్రిటన్ ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. (క్యూ అంటే ఇక్కడ వరస కాదు, ఊరి పేరు.) ఓడల మస్టర్లు ఏడీఎం 38 అనే వరసలో దొరుకుతాయి. మన ఉపాధి హామీ మస్టర్ రోల్ లాంటిదే, కాకపోతే ఇందులో నావికుడి హోదా, వయసు, పుట్టిన ఊరు కూడా ఉంటాయి. 1854 మార్చి 31 నుంచి వీళ్లందరినీ చనిపోయినట్టే లెక్కగట్టి అడ్మిరల్టీ జీతాలు ఆపేసింది.

టికెట్ ఉచితం. ముందు ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. తర్వాత స్వయంగా వెళ్తే అక్కడే ఫొటో తీసి టికెట్ ఇస్తారు. రెండు ఒరిజినల్స్ పట్టుకెళ్లాలి: పేరుకు ఒకటి, చిరునామాకు ఒకటి. జిరాక్స్ నమ్ముకోవద్దు. పేరుకు పాస్‌పోర్ట్, చిరునామాకు ఇటీవలి బ్యాంక్ స్టేట్‌మెంట్ సరిపోతాయి.

మనవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే. ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక. కౌంటర్ దగ్గర వివరించుకునే టెన్షన్ ఎందుకు, పేరు ఒకేలా ఉన్న రెండు కాగితాలు ఇంట్లోనే ఏరి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే టైప్ చేయండి.

క్యాటలాగ్‌లో మస్టర్ నంబర్ వెతికి ముందే ఆర్డర్ పెడితే వెళ్లిన రోజు ఎదురుచూపులు తగ్గుతాయి. ఆది, సోమవారాలు సెలవు. కోటు, బ్యాగు లాకర్లో పెట్టేయాలి. పెన్ను, తిండి, నీళ్లు లోపలికి రానివ్వరు. పెన్సిల్ తీసుకెళ్లండి, రబ్బరు మాత్రం వద్దు. ఫ్లాష్ ఆపేసి మీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు, దానికి డబ్బు అడగరు. తిరిగి ఇచ్చేటప్పుడు కాగితాలు వచ్చిన వరసలోనే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.