లాంబాక్ ఉన్నా "కెనాట్ ఫైండ్ సింబల్" వస్తోందా? ఈ వరసలో చూడండి

లాంబాక్ అంటే గెటర్లు, సెటర్లు, బిల్డర్లు మన బదులు పుట్టించే జావా లైబ్రరీ. క్లాస్ మీద దాని అనోటేషన్లు @డేటా, @బిల్డర్ ఉన్నాయి. ఇంపోర్ట్ లైన్ మీద ఎర్ర గీత లేదు. అయినా బిల్డ్ చేస్తే గెట్‌నేమ్ లేదు, సెట్‌నేమ్ లేదు, బిల్డర్ లేదు అంటూ ఎర్రర్లు కుప్పలుగా పడతాయి.

ముందు టెర్మినల్ తెరిచి, బిల్డ్ టూల్ మావెన్ అయితే "ఎంవీఎన్ క్లీన్ కంపైల్" కొట్టండి. గ్రేడిల్ అయితే "క్లీన్ కంపైల్‌జావా". అది పాసైతే తప్పు ఐడీఈది (ఇంటెలిజే, ఎక్లిప్స్ లాంటి కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌ది), ఫెయిలైతే బిల్డ్ ఫైలుది. ఒక్క నిమిషం పని. అది మానేసి ఐడీఈ క్యాష్ తుడిచేవాళ్లు, ప్లగిన్ పీకి మళ్లీ పెట్టేవాళ్లు, చివరికి విసిగి గెటర్లన్నీ చేత్తో రాసుకునేవాళ్లు ఎంతమందో. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? "క్లీన్" మాత్రం వదలకండి. పాత క్లాస్ ఫైళ్లు మిగిలి ఉంటే, పని చెయ్యనిది కూడా చేస్తున్నట్టే కనిపిస్తుంది.

ఇంకో మాట. ఎర్రర్ల లెక్క సరిగ్గా 100 దగ్గర ఆగిందంటే అనుమానించండి. జావాక్ (జావా కంపైలర్) మామూలుగా 100 దాటి చూపించదు. అసలు ఎర్రర్ నూట ఒకటోది అయి ఉండొచ్చు. కంపైలర్ ఆర్గ్యుమెంట్లలో -ఎక్స్‌మాక్స్‌ఎర్ర్స్ విలువను 5000కి పెంచి, లాంబాక్ మెథడ్‌లతో సంబంధం లేని ఎర్రర్ ఏదైనా ఉందేమో వెతకండి. ఉంటే ముందు దాన్ని సరిచెయ్యండి.

ఐడీఈలో మాత్రమే ఫెయిలైతే

ఇంటెలిజే 2020.3 నుంచి లాంబాక్ ప్లగిన్ దాంతోపాటే వస్తుంది. సెట్టింగ్స్‌లో కంపైలర్ కింద అనోటేషన్ ప్రాసెసర్స్ (అనోటేషన్లు చూసి కంపైల్ సమయంలో కోడ్ పుట్టించేవి) ఎనేబుల్ అయిందో లేదో చూసి, మావెన్ ప్రాజెక్టును రీలోడ్ చెయ్యండి. ఎక్లిప్స్‌లో డిపెండెన్సీ ఒక్కటే చాలదు. లాంబాక్ జార్‌ను "జావా -జార్"తో నడిపి, ఇన్‌స్టాలర్‌లో మీ ఎక్లిప్స్‌ను ఎంచుకుని, ఐడీఈని రీస్టార్ట్ చెయ్యాలి.

టెర్మినల్‌లోనూ ఫెయిలైతే: నిన్నటిదాకా నడిచింది, ఇవాళ నడవడం లేదు

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. లాంబాక్‌ను ఎవరూ ముట్టుకోలేదు, వెర్షన్ మారలేదు. మారిందల్లా, ఎవరో మ్యాప్‌స్ట్రక్ట్‌నో హైబర్నేట్ మెటామోడల్ జనరేటర్‌నో ప్రాజెక్టులోకి తెచ్చారు. అవీ కోడ్ పుట్టించే ప్రాసెసర్లే. దాని డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టే మావెన్ బిల్డ్ ఫైలైన పామ్ ఫైల్‌లో కంపైలర్ ప్లగిన్ కింద అనోటేషన్‌ప్రాసెసర్‌పాత్స్ అనే బ్లాక్ పెట్టి, అందులో ఆ కొత్త ప్రాసెసర్ ఒక్కటే రాశారు.

జావాక్‌కు ప్రాసెసర్ పాత్ విడిగా ఇవ్వనంతవరకు అది క్లాస్‌పాత్‌లోని (ప్రాజెక్టు వాడే లైబ్రరీల జాబితాలోని) జార్‌లన్నీ వెతికి ప్రాసెసర్లను పట్టుకుంటుంది. లాంబాక్ ఇన్నాళ్లూ అలాగే దొరికింది. ఆ బ్లాక్ రాయగానే మావెన్ దాన్ని -ప్రాసెసర్‌పాత్‌గా పంపుతుంది. ఇక జావాక్ ప్రాసెసర్ల కోసం క్లాస్‌పాత్ వైపు చూడదు. లాంబాక్ జార్ క్లాస్‌పాత్‌లో ఉంది కాబట్టి ఇంపోర్ట్ కుదురుతుంది, @డేటా కూడా చెల్లుతుంది. కానీ గెటర్లు పుట్టించే ప్రాసెసర్ నడవదు. ఒక్క వార్నింగ్ కూడా రాదు. ఎర్రర్‌లో లాంబాక్ పేరే ఉండదు గనక అందరూ లాంబాక్ వెర్షన్ మారుస్తూ కూర్చుంటారు.

నిర్ధారించుకోవడానికి "ఎంవీఎన్ -ఎక్స్ క్లీన్ కంపైల్" కొట్టి, లాగ్‌లో కమాండ్ లైన్ ఆప్షన్స్ ఉన్న చోట -ప్రాసెసర్‌పాత్ వెతకండి. అది ఉండి, దాని వెనక లాంబాక్ జార్ లేకపోతే కారణం దొరికినట్టే.

పరిష్కారం: అదే బ్లాక్‌లో లాంబాక్‌కూ ఒక పాత్ రాయండి. వెర్షన్ కూడా ఇవ్వండి. కంపైలర్ ప్లగిన్ 3.12.0 కంటే పాతదైతే ఈ బ్లాక్ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ నుంచి వెర్షన్ తీసుకోదు. డిపెండెన్సీలలో ప్రొవైడెడ్ స్కోప్‌తో ఉన్న లాంబాక్‌ను తీసెయ్యకండి, రెండు చోట్లా ఉండాలి.

మ్యాప్‌స్ట్రక్ట్ కూడా ఉంటే పని ఇంతటితో అయిపోదు. లాంబాక్ 1.18.16 నుంచి లాంబాక్-మ్యాప్‌స్ట్రక్ట్-బైండింగ్ 0.2.0 అనే మూడో పాత్ కూడా కావాలి. అది లేకపోతే లాంబాక్ పని ముగియకముందే మ్యాప్‌స్ట్రక్ట్ క్లాస్‌ను చదివేసి "అన్‌నోన్ ప్రాపర్టీ" అంటుంది. ఒక్కోసారి ఎర్రర్ కూడా ఇవ్వకుండా విలువలేవీ కాపీ చెయ్యని ఖాళీ మ్యాపర్ పుట్టిస్తుంది. రన్ చేశాక ఫీల్డ్‌లన్నీ నల్! పాత్‌ల క్రమం అటూ ఇటూ మారిస్తే కుదిరిందని వదిలెయ్యకండి, బైండింగ్ పెట్టండి.

మల్టీ-మాడ్యూల్ ప్రాజెక్టులో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. పేరెంట్ పామ్‌లో లాంబాక్ పాత్ సరిగ్గానే ఉంటుంది. ఒక చైల్డ్ మాడ్యూల్ తన సొంత బ్లాక్ రాసుకుంటే పేరెంట్‌లోని పాత్ దానికి చేరదు, ఆ మాడ్యూల్ ఒక్కటే పడిపోతుంది. చైల్డ్‌లోని బ్లాక్‌కు కంబైన్.చిల్డ్రన్="అపెండ్" అని ఇస్తే రెండూ కలుస్తాయి. ఏది నిజంగా అమలవుతోందో "ఎంవీఎన్ హెల్ప్:ఎఫెక్టివ్-పామ్" చూపిస్తుంది. సరిచేశాక "జావాపీ -పీ"తో ఒక క్లాస్ ఫైల్ తెరవండి. గెట్‌నేమ్ కనిపిస్తే లాంబాక్ నడిచినట్టు.

గ్రేడిల్‌లో మెయిన్ కోడ్ కంపైలై టెస్టులే ఫెయిలైతే, టెస్ట్‌కంపైల్‌ఓన్లీ, టెస్ట్‌అనోటేషన్‌ప్రాసెసర్ అనే రెండు లైన్లు మర్చిపోయారు. గ్రేడిల్ 5.0 నుంచి ప్రాసెసర్‌ను విడిగా చెప్పాల్సిందే.

జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) మార్చాక మొదలైతే

కంపైలరే కూలిపోయి ఇల్లీగల్‌యాక్సెస్‌ఎర్రర్ వస్తే, జేడీకే 16 లేదా ఆపైదానికి పాత లాంబాక్ వాడుతున్నారు. కనీసం 1.18.20 కావాలి. జేసీఇంపోర్ట్‌లో క్వాలిడ్ ఫీల్డ్ లేదని ఎర్రర్ వస్తే అది జేడీకే 21, దానికి కనీసం 1.18.30. జేడీకే 23 మాత్రం చప్పుడు చెయ్యదు. అందులో క్లాస్‌పాత్‌లోని ప్రాసెసర్లను వాటంతటవే నడిపే పద్ధతి ఆపేశారు. పైన చెప్పిన పాత్ బ్లాక్ రాస్తే సరిపోతుంది. -ప్రాక్:ఫుల్ ఇచ్చినా నడుస్తుంది గానీ పాత్ రాయడమే మేలు.

కంపైల్ అవుతుంది, ఫలితమే తేడా

ఫీల్డ్‌కు కొత్త లిస్ట్ ఇచ్చినా బిల్డర్‌తో కట్టిన ఆబ్జెక్ట్‌లో నల్ వస్తే, ఫీల్డ్ మీద @బిల్డర్.డిఫాల్ట్ లేదు. కంపైలర్ వార్నింగ్ ఇచ్చే ఉంటుంది, ఎవరూ చదవరు. ప్రిమిటివ్ బూలియన్ ఫీల్డ్‌కు ఈజ్‌యాక్టివ్ అని పేరు పెడితే సెటర్ సెట్‌యాక్టివ్ అవుతుంది, జేసన్ చదివే లైబ్రరీ జాక్సన్ అప్పుడు జేసన్‌లో "యాక్టివ్" కోసం చూస్తుంది. ఫీల్డ్ పేరే యాక్టివ్ అని మార్చండి. ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు జేపీఏ ఎంటిటీల (డేటాబేస్ టేబుళ్లకు సరిపోయే క్లాస్‌ల) మీద @డేటా పెడితే స్టాక్‌ఓవర్‌ఫ్లో ఖాయం. ఎంటిటీలకు @గెటర్, @సెటర్ చాలు.

అరుదైనవి

లాంబాక్ పుట్టించిన మెథడ్‌నో బిల్డర్ క్లాస్‌నో స్టాటిక్ ఇంపోర్ట్ చేస్తే కంపైలర్‌కు దొరకదు, మామూలు ఇంపోర్ట్ వాడండి. కాట్లిన్, జావా కలిసిన మాడ్యూల్ అయితే కాట్లిన్ వాళ్ల లాంబాక్ కంపైలర్ ప్లగిన్ పెట్టాలి. ఈ రెండూ మీ ప్రాజెక్టులో లేకపోతే మళ్లీ ఎఫెక్టివ్ పామ్ తీసి ప్రాసెసర్ పాత్ చూడండి.