ట్రస్టు దస్తావేజు రద్దు చేయబోయే ముందు

సంక్రాంతి దగ్గరపడుతోంది. నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్ళకు అమెరికా నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు వస్తారు. బీరువాలో కాగితాలు బయటికొస్తాయి. భోగికీ కనుమకీ మధ్య ఎవరో ఒకరు అననే అంటారు: "ఆ ట్రస్టు రద్దు చేసేసి పంచేసుకుందాం నాన్నా, నేను మళ్ళీ ఎప్పుడొస్తానో!" ఈ తొందరలో జరిగే పొరపాట్లు ఎన్నో చూశాను కాబట్టి పండగకు ముందే ఇది రాస్తున్నాను.

పోయినేడు కోవూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. టౌన్లో నలభై అంకణాల స్థలం, ఊళ్ళో రొయ్యల చెరువులు. ఇద్దరు కొడుకులు, ఒక మనవరాలి పేరున ట్రస్టు పెట్టి బావమరిదిని ట్రస్టీగా వేశారు, అంటే వాళ్ళ కోసం ఆస్తి చూసే బాధ్యత ఆయనకు అప్పగించారు. "నేను పెట్టిందే కదయ్యా, నేను తీసేస్తా" అన్నారు. దస్తావేజు ఆయన చేతికే ఇచ్చి చదవమన్నాను. కిటికీ దగ్గరికి పోయి, వరుస కింద వేలు పెట్టుకుంటూ చదివారు. ఏడో పేజీలో వేలు ఆగింది. "ఈ ట్రస్టు శాశ్వతము. దీనిని రద్దుపరచుటకు నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కు లేదు." ఏదో సత్రం దస్తావేజు నమూనా చూసి రాసినవాళ్ళు ఆ వాక్యాన్ని కూడా అలాగే దించేశారు. సంతకం పెట్టిన రోజు ఈయనకు ఎవరూ చదివి వినిపించలేదు.

అందుకే మొదటి జాగ్రత్త, రద్దు హక్కు ఉందో లేదో చెప్పే ఆ ఒక్క వాక్యం కోసం వెతకడం. 1882 నాటి ఇండియన్ ట్రస్టుల చట్టం 78వ సెక్షన్ దీన్ని తేల్చి చెప్పింది. వీలునామా ద్వారా పెట్టిన ట్రస్టయితే రాసినవారు బతికున్నంత కాలం తమ ఇష్టప్రకారం రద్దు చేసుకోవచ్చు. బతికుండగానే అమల్లోకి వచ్చిన ట్రస్టయితే రద్దు చేసుకునే హక్కు తనకు ఉంచుకున్నట్టు స్పష్టంగా రాసుకుని ఉండాలి. లేదంటే లబ్ధిదారులు, అంటే ట్రస్టు ఎవరి కోసం పెట్టారో వాళ్ళందరూ మేజర్లై, కాంట్రాక్టు చేసుకునే అర్హత ఉండి, అందరూ ఒప్పుకోవాలి. అప్పులు తీర్చడానికి పెట్టి, అప్పులవాళ్ళకు ఇంకా తెలియజేయని ట్రస్టు ఒకటి మినహాయింపు. అంతే, ఇంకో దారి లేదు. ఆ పెద్దాయన మనవరాలికి పదకొండేళ్ళు. కొడుకులిద్దరూ సంతకాలు చేస్తామన్నా ఆ పాప ఒప్పుకోలు ఇచ్చే వయసులో లేదు.

అమెరికా పిల్లలు ఇక్కడే తికమకపడతారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో, రద్దు కుదరదని దస్తావేజులో రాస్తే తప్ప పెట్టినవారు రద్దు చేసుకోవచ్చు. మన దగ్గర తలకిందులు. రాసుకుంటేనే హక్కు, రాయకపోతే లేదు. అక్కడి లాయరు చెప్పిన మాట ఇక్కడి చెరువుగట్టుకు పనికిరాదని ముందే చెప్పండి.

రద్దు హక్కు ఉంచుకున్న వాక్యం దొరికిందనుకోండి, అది అడిగిన పద్ధతి తు.చ. తప్పకుండా పాటించాలి. ట్రస్టీకి ముందుగా నోటీసు ఇవ్వాలని ఉంటే ఇవ్వండి, రసీదు దాచుకోండి. రిజిస్టరు దస్తావేజుతో అని ఉంటే తెల్లకాగితం చాలదు. మార్చుకునే హక్కు మాత్రమే ఉంటే దాన్ని రద్దు చేసే హక్కుగా లాగకండి, రేపు కోర్టులో వాదన అక్కడే మొదలవుతుంది. లబ్ధిదారు పేరు మార్చడానికి సవరణ దస్తావేజు చేయిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. అది సర్వే నంబరో హద్దులో తప్పు పడితే దిద్దుకోవడానికి ఉన్నది. హద్దులంటే గుర్తొచ్చింది: మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్లో అంకణాలతో పాటు చదరపు అడుగులు కూడా రాయించండి.

ఇక అందరూ మరిచిపోయేది అదే ట్రస్టుల చట్టంలోని 79వ సెక్షన్. రద్దు చేసినంత మాత్రాన ట్రస్టీ అంతకుముందు సక్రమంగా చేసిన పనులు చెరిగిపోవు. చెరువులు మూడేళ్ళకు లీజుకిచ్చి ఉంటే ఆ లీజు నిలుస్తుంది. కాబట్టి రద్దుకు ముందే ట్రస్టీ దగ్గర కూర్చుని లీజులు, అడ్వాన్సులు, అప్పులు అన్నీ రాయించుకోండి. ఇది తేలకుండా కొనేవాళ్ళ దగ్గర బయానా పుచ్చుకోవద్దు. దండం పెట్టి చెబుతున్నాను.

గుడికో, సత్రానికో, అన్నదానానికో ఇచ్చినదైతే ఈ చట్టం వర్తించనే వర్తించదు. మనసు మారిందని వెనక్కి తెచ్చుకునే ఆస్తి కాదది.

దాన సెటిల్‌మెంటును ట్రస్టుతో కలిపి చూడకండి. "నాకు ఇష్టం వచ్చినప్పుడు రద్దు చేసుకుంటాను" అని దానపత్రంలో రాస్తే, ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం ఆ దానమే చెల్లదు. అయితే అరవై దాటినవారు తమను చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు పట్టించుకోకపోతే, 2007 నాటి వృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. ఆ షరతు దస్తావేజులోనే కనబడితే ఇబ్బంది తక్కువ.

రద్దు హక్కు ఉంచుకున్న ట్రస్టు ఆదాయాన్ని పన్ను శాఖ మీ ఆదాయంగానే చూస్తుంది. పాత ఏళ్ళ రిటర్నులు ఆడిటరుకు చూపించి మరీ కదలండి.

సంతకం రోజు సంగతి. పెద్దవాళ్ళు లేవలేని స్థితిలో ఉంటే ఆటోలో కూలేసి తీసుకుపోనక్కర్లేదు. కారణం చూపి అర్జీ పెట్టుకుంటే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. అదే రోజు డాక్టరు చేత, మనిషి తెలివిలో ఉన్నారని సర్టిఫికెట్ రాయించుకోండి. సంతకం ముందే అయిపోతే నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి.

రద్దు దస్తావేజు చేతికొచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. ఆస్తి ట్రస్టీ పేరున ఉంది కాబట్టి ఆయన చేత తిరిగి మీ పేరున రాయించుకోవాలి. దానికి పడే స్టాంపు ఖర్చు ముందే కనుక్కోండి. ఆ తర్వాత పాసుపుస్తకంలో మ్యుటేషన్ (పేరు మార్పు), బ్యాంకులో ట్రస్టు ఖాతా మూసివేత, కౌలుదారుకు రాతపూర్వక కబురు. అన్నీ అయ్యాక ఒక ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయించి, రద్దు దస్తావేజు నంబరు అందులో ఎక్కిందో లేదో మీ కళ్ళతో చూసుకోండి.