జంతువుల దగ్గర నేర్చుకోవడం – 4వ పాఠం: మళ్లీ చీమ దగ్గరికే

పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చిన్నదే. యూదు గురువులైన రబ్బీల చర్చల సంపుటి తాల్ముద్‌లో, ఎరువీన్ అనే భాగం 100వ ఆకు రెండో వైపున రబ్బీ యోహానాన్ నాలుగు జంతువుల పేర్లు చెప్పాడు. అందులో చీమ ఏం నేర్పుతోందో ఒక్క ముక్కలో రాయమన్నాను. ఎక్కువమంది "కష్టపడటం" అని రాశారు. కొందరు "ముందుచూపు", కొందరు "ఐకమత్యం" అన్నారు. మూలాన్ని అక్షరాలా చూసినవాళ్లు మాత్రం "ఇక్కడ దొంగతనం అని ఉందేమిటి, చీమ మనకు దొంగతనం నేర్పుతుందా?" అని అడిగారు. సరైన జవాబుకు దగ్గరగా వచ్చింది ఈ ప్రశ్నే.

ఈసారి నక్క కథలు మొదలుపెట్టాల్సింది. అవి వచ్చే పాఠానికి జరిపాను. చీమ దగ్గర తడబడితే నక్క దగ్గర పూర్తిగా దారి తప్పుతాం.

ముందు ఆ వాక్యం. తోరా (యూదుల ధర్మశాస్త్రం) మనకు ఇవ్వకపోయి ఉంటే మరుగు పాటించడం పిల్లి దగ్గర, దొంగతనం చీమ దగ్గర, వ్యభిచారం పావురం దగ్గర, లోకమర్యాద కోడిపుంజు దగ్గర నేర్చుకునేవాళ్లం అంటాడు. నాలుగింటిలో రెండు మంచి గుణాల పేర్లు, రెండు తప్పుల పేర్లు. రబ్బీలు ఒక నిషేధాన్ని ఆ తప్పు పేరుతోనే పిలుస్తారు. "షుగరు మందు" అంటే షుగరు తగ్గించే మందని మనకెవరూ విప్పి చెప్పక్కర్లేదు కదా, ఇదీ అలాంటిదే. చీమ దగ్గర నేర్చుకునేది దొంగతనం చేయకపోవడం. పావురం దగ్గర నేర్చుకునేది జోడీకి కట్టుబడి ఉండటం. మధ్యయుగపు వ్యాఖ్యాత రషీ కూడా ఇదే చెబుతాడు: చీమ తన తిండి తాను కూర్చుకుంటుంది, ఇంకొకరిది దోచుకోదు.

మరి "కష్టపడటం" ఎక్కడి నుంచి వచ్చింది? బైబిల్లోని సామెతల గ్రంథం 6:6 నుంచి. "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అన్న వాక్యం చాలామందికి నోటికి వచ్చు. అది వేరే గ్రంథం, వేరే వక్త, వేరే పాఠం. ఒక గ్రంథంలో చదివింది ఇంకో గ్రంథంలోకి మోసుకుపోవడం ఈ విద్యలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. పంచతంత్రం మీద పెరిగిన మనకు ఇది మరీ ఎక్కువ. నక్క అంటే జిత్తులమారి, గాడిద అంటే మందమతి అని జంతువుకు ఒక ముద్ర వేసేసి, కథ ఏదైనా ఆ ముద్రతోనే చదువుతాం. రబ్బీలు జంతువును అలా మొత్తంగా తీసుకోరు. దాని ఒక్క పనిని పట్టుకుంటారు.

అందుకని కాగితం మీద నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో గ్రంథం, చోటు. రెండో గడిలో జంతువు చేసే పని, కేవలం క్రియాపదంతో. మూడో గడిలో మూలం పేరు పెట్టిన గుణం. నాలుగో గడిలో హద్దు, అంటే ఆ గుణం ఎంతవరకే వర్తిస్తుందో. నేనైతే రెండో గడి నిండేదాకా మూడో గడి ముట్టుకోను. "పిల్లి శుభ్రమైనది" అని రాస్తే గడి తప్పినట్టే. "పిల్లి మనుషుల ముందు మలవిసర్జన చేయదు, చేశాక మట్టితో కప్పుతుంది" అని రాస్తే సరిపోయింది.

కోడిపుంజుకు ఆ పని మూలంలోనే ఉంది: ముందు బుజ్జగిస్తుంది, తర్వాతే పెట్టతో కలుస్తుంది. కాళ్లదాకా వచ్చే అంగీ కొనిపెడతానని పెట్టకు మాట ఇస్తుందట. తర్వాత, డబ్బుండీ కొనకపోతే నా జుట్టు ఊడిపోవాలి అని ఒట్టు పెట్టుకుంటుందట. ఇక్కడ జుట్టంటే తలమీది ఎర్రటి తురాయి. ఇది వినోదానికి పెట్టింది కాదు. అదే పుటలో కాస్త పైన, భార్యను బలవంతపెట్టడం నిషిద్ధం అన్న చర్చ నడుస్తోంది. కోడిపుంజు ఆ చర్చకు సాక్ష్యంగా వచ్చింది. పైనున్న చర్చ చదవకుండా ఈ వాక్యాన్ని విడిగా కత్తిరించుకుంటే సగం అర్థం పోతుంది.

ఇంకో తడబాటు తెలుగు బైబిల్ చదివేవాళ్లకే ఎదురవుతుంది. తాల్ముద్ ఈ మాటలకు ఆధారంగా యోబు 35:11 తెస్తుంది. తెలుగులో అది "భూజంతువులకంటె" మనకు ఎక్కువ బుద్ధి నేర్పే దేవుడు అని ఉంటుంది. అలా చదివితే జంతువులు మనకంటే తక్కువ, వాటి దగ్గర నేర్చుకునేదేమీ లేదు. హీబ్రూలో ఉన్నది మాట ముందు చేరే "మి" అనే చిన్న అక్షరం. దానికి "కంటె" అనే అర్థమూ ఉంది, "నుంచి" అనే అర్థమూ ఉంది. రబ్బీలు రెండోది తీసుకున్నారు: భూజంతువుల నుంచి నేర్పేవాడు, పక్షుల నుంచి జ్ఞానం ఇచ్చేవాడు. తెలుగు అనువాదం తప్పని అనడం లేదు. వాక్యపు సాదా అర్థం అదే కావచ్చు. కానీ రబ్బీల పాఠం నిలబడింది రెండో అర్థం మీద. రెండూ పక్కపక్కన రాసుకోండి.

ఇక నాలుగో గడి. పోయినసారి దీన్ని దాదాపు అందరూ ఖాళీగా వదిలేశారు. చీమ దొంగతనం చేయదు, సరే. ఎవరి దగ్గర చేయదు? ద్వితీయోపదేశకాండం మీద రబ్బీల వ్యాఖ్యాన సంపుటి ద్వారీం రబ్బాలో ఒక చీమ గోధుమ గింజ జారవిడుస్తుంది. మిగతా చీమలన్నీ వచ్చి వాసన చూసి వెళ్తాయి గానీ ఒక్కటీ తీసుకోదు. చివరికి ఆ గింజ తాలూకు చీమే వచ్చి పట్టుకెళ్తుంది. ఇప్పుడు తాల్ముద్‌కు పునాది అయిన చట్టాల సంపుటి మిష్నాలో పేయా అనే భాగం 4:11 తెరవండి. అక్కడ చర్చ చీమల పుట్టల్లో దొరికే ధాన్యం ఎవరిదని. కోతకు ముందు, నిలబడి ఉన్న పైరులోని పుట్టల్లో ఉన్నది యజమానిది. కోతగాళ్లు వెళ్లాక అయితే పైన ఉన్నది పేదలది, అడుగున ఉన్నది యజమానిది. రబ్బీ మెయిర్ మాత్రం మొత్తం పేదలదే అంటాడు, ఎందుకంటే పరిగె (కోతలో రాలి పేదలకు చెందే గింజలు) అవునో కాదో అనుమానం ఉంటే దాన్ని పరిగెగానే లెక్కించాలి.

అంటే చీమలు రైతు పొలంలోంచి గింజలు లాక్కుపోతాయని రబ్బీలకు బాగా తెలుసు. దాని మీద చట్టమే రాశారు. అయినా చీమను నిజాయితీకి గురువుగా పెట్టారు. ఇందులో వైరుధ్యం లేదు. వాళ్లు చూపించింది చీమకూ చీమకూ మధ్య జరిగే పని. నాలుగో గడిలో "తోటి చీమ గింజ విషయంలో" అని రాయకపోతే, ఎవరో ఒకరు పొలంలో చీమల బారు చూపించి మీ పాఠాన్ని ఒక్క మాటతో కొట్టేస్తారు.

హద్దు ఎందుకు ముఖ్యమో కొంగ ఇంకా బాగా చూపిస్తుంది. లేవీయకాండము 11:19లో తినకూడని పక్షుల్లో "హసీదా" ఉంది. తెలుగు బైబిల్ దాన్ని సంకుబుడి కొంగ అంటుంది. తాల్ముద్‌లోని హుల్లిన్ భాగం 63లో దానికా పేరెందుకో చెబుతారు: తోటివాటితో "హసీదూత్" చేస్తుంది గనక, అంటే దయ చూపిస్తుంది గనక. దాని పక్కనే ఉన్న "అనాఫా" తోటివాటితో కలహిస్తుంది గనక దానికా పేరు. దయగలదీ నిషిద్ధమే, కలహించేదీ నిషిద్ధమే! దయగల పక్షి ఎందుకు అపవిత్రం అంటే, దాని దయ తనవాళ్లకే పరిమితం గనక అని హసీదీ అనే యూదు భక్తి ఉద్యమపు గురువుల పేర చెప్పుకునే జవాబు ఒకటుంది. నాకు చాలా ఇష్టమైన జవాబు. కానీ అది తాల్ముద్ పుటలో లేదు. మొదటి గడిలో "హుల్లిన్ 63" అని రాసి నాలుగో గడిలో ఈ జవాబు కలిపేయకండి. రంగు మార్చి రాయండి.

ఒక్కోసారి మూడో గడి ఖాళీగానే ఉండాలి. చీమలకు రాజు లేడన్న సామెతల గ్రంథం మాట నిజమేనా అని రబ్బీ షిమోన్ బెన్ హలఫ్తా పరీక్షించాడు (హుల్లిన్ 57, రెండో వైపు). తమ్మూజ్ అనే ఎండాకాలపు నెలలో పుట్ట మీద తన వస్త్రం పరిచి నీడ చేశాడు. బయటికొచ్చిన చీమకు గుర్తు పెట్టాడు. అది లోపలికి వెళ్లి నీడ పడిందని చెబితే మిగతావి వచ్చాయి. వస్త్రం తీసేశాడు, ఎండ పడింది. అవి ఆ చీమను చంపేశాయి. రాజుంటే ఆయన అనుమతి అడిగేవి గదా, కాబట్టి రాజు లేడన్నాడు. రవ్ ఆహా అనే ఇంకో రబ్బీ ఒప్పుకోలేదు: రాజు వాటితోనే వచ్చాడేమో, ముందే అనుమతి ఉందేమో, ఒక రాజు పోయి ఇంకో రాజు రాని కాలమేమో? చివరికి పరీక్షను పక్కన పెట్టి సొలొమోను మాటనే నమ్ముకోమన్నారు. దీని నుంచి "అబద్ధాలాడితే శిక్ష తప్పదు" అన్న నీతి తీయాలనిపిస్తుంది. మూలం ఆ నీతి తీయలేదు. మీరూ తీయకండి.

అభ్యాసం: కాకి. మూడు చోట్లు, మూడు వరసలు. తాల్ముద్‌లోనే కెతుబోత్ భాగం 49వ ఆకు రెండో వైపు (పిల్లలకు తిండి పెట్టని తండ్రిని నలుగురిలో నిలబెట్టి, కాకి కూడా తన పిల్లల్ని కోరుకుంటుంది, ఇతను కోరుకోవడం లేదు అని చెప్పించిన చోటు), కీర్తనలు 147:9, మొదటి రాజులు 17:6. తెలుగు బైబిల్లో ఒకచోట "కాకులు", ఒకచోట "కాకోలములు" కనిపిస్తాయి. హీబ్రూలో రెండూ "ఓరెవ్" అనే ఒకే మాట. మొదటి రెండు చోట్లూ ఒకదానితో ఒకటి తగాదా పడతాయి. కాకి పిల్లల్ని కోరుకునేదైతే వాటికి దేవుడు తిండి పెట్టాల్సిన అవసరమేమిటి? తాల్ముద్ దానికి రెండు రంగులతో జవాబు చెబుతుంది: తెల్లవి, నల్లవి. ఆ జవాబు ఏ గడిలోకి వెళ్తుందో, ఎందుకో ఐదు వాక్యాలకు మించకుండా రాయండి. "కాకి క్రూరమైనది" అన్న మాట ఎక్కడా రాకూడదు.