డ్రెయిన్ బోల్టుకు ఏ వాషర్ వేయాలి?

ఇంజన్ ఆయిల్ దించడానికి చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద ఉండే బోల్టే డ్రెయిన్ బోల్టు. దాని వాషర్ కొనేటప్పుడు ఎక్కువమంది పానా నంబరు చెబుతారు. పొరపాటంతా అక్కడే. 17 నంబరు పానా పట్టిందంటే అది బోల్టు తల కొలత; వాషర్‌కు కావాల్సింది మర కొలత. వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) మర మీద కొలవండి. 13.8 మి.మీ. చూపిస్తే 14 బోల్టు, 11.8 చూపిస్తే 12 బోల్టు. వాషర్ బోల్టు మీదికి తేలిగ్గా దిగాలి, కానీ వదులుగా ఊగకూడదు. ఊగితే ఒక పక్కకు జరిగిపోయి అక్కడే ఆయిల్ చెమరుస్తుంది. బయటి అంచు బోల్టు తల కింది పళ్లెం దాటకూడదు. మందం పాతదెంతో కొత్తదీ అంతే.

ఇక లోహం. కంపెనీ ఏది వేసిందో అదే వేయడం మంచిది. అల్యూమినియం మెత్తన, తక్కువ బిగింపుకే నలిగి సీలవుతుంది, ఒక్కసారికే పనికొస్తుంది. రాగికి కాస్త ఎక్కువ బిగింపు కావాలి. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది. మళ్లీ వాడాలంటే మసక ఎరుపు రంగు వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, పైన కట్టిన నల్లటి పొర గీకేయాలి. ఇంత తతంగం కన్నా కొత్తది వేయడమే నయం. లోపల బోలుగా ఉండే మడత వాషర్ అయితే బిగిస్తుంటే చేతికి ‘కుంగినట్టు’ తెలుస్తుంది. కుంగిన మడత మళ్లీ లేవదు, అది ఒక్కసారికే. బోల్టుకే రబ్బరు రింగు ఉంటే విడిగా వాషర్ వేయొద్దు.

కొత్తది వేసే ముందు చాంబర్ రంధ్రం చుట్టూ లైటు వేసి చూడండి. పాత వాషర్ అక్కడే అంటుకుని, ఆయిల్ మసి పట్టి చాంబర్ రంగులోనే కలిసిపోయి ఉంటుంది. గోరుతో గీస్తే అంచు తగులుతుంది. చూసుకోకుండా దాని మీదే ఇంకోటి వేస్తే రెండూ సరిగా కూర్చోక కారతాయి. దాన్ని స్క్రూడ్రైవరుతో కాకుండా ప్లాస్టిక్ ముక్కతో లేపండి. వాషర్ కూర్చునే చోట గీత పడితే ఏ వాషరూ ఆపలేదు.

బోల్టును ముందు చేత్తోనే తిప్పి, చివర టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) పట్టండి. చాలా కార్లలో 14 మి.మీ. బోల్టుకు 30 నుంచి 45 న్యూటన్ మీటర్లు. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకే ఆఖరి మాట. ఆయిల్ పోశాక ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, బోల్టు తుడిచి చూడండి. చెమ్మ కనిపిస్తే ఇంకా బిగించకండి. అల్యూమినియం చాంబర్ మర ఊడొస్తే వాషర్‌తో పోయేది చాంబర్ దాకా వస్తుంది. ఆయిల్ దించి వాషర్ మార్చండి.