దురద అనగానే నూనె సీసా తీయకండి

మా వరంగల్ దిక్కు ఒంటికి ఏ దురద పుట్టినా ఇంట్లో పెద్దోళ్లు చెప్పే మందులు రెండే: కొబ్బరినూనె, యాపాకు. రెండూ మంచివే. కానీ చలికాలంలో కాళ్లకు హాయినిచ్చిన నూనే మే నెలలో వీపుకు రాస్తే దురద పెంచుతుంది. ముందు దురద ఎక్కడ, ఏ వేళ వస్తుందో చూడండి.

మిర్చి ఏరి వచ్చాక చేతుల్లో మంట, దురద

నర్సంపేట, పరకాల వైపు కాయ ఏరేవాళ్లకు, ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు ఎత్తేవాళ్లకు ఇది తెలిసిన బాధే. ఎన్నిసార్లు కడిగినా పోదు. ఎందుకంటే మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే తడి తగలకముందే చేతులకు పల్లి నూనె పట్టించి రెండు నిమిషాలు రుద్దండి. పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే సబ్బుతో కడగండి. తగ్గకపోతే ఇంకోసారి. గోళ్ల సందులు మరవద్దు, రాత్రి కన్ను నలుపుకుంటే అప్పుడు తెలుస్తుంది. వేడినీళ్లు మాత్రం వద్దు, మంట రెట్టింపవుతుంది.

డిసెంబర్, జనవరిలో పిక్కల మీద దురద, గీరితే తెల్ల గీతలు

చర్మం ఎండిపోయింది. చలికి పొగలు కక్కే నీళ్లతో అరగంట స్నానం చేస్తే ఉన్న జిడ్డు కూడా పోతుంది. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల్లోపు స్నానం, సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. తుండుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే కొబ్బరినూనె రాయాలి. పొడి ఒంటికి రాస్తే సగం లాభమే.

ఎండాకాలం మెడ, వీపు మీద చెమటకాయలు

చెమట బయటికి వచ్చే దారులు మూసుకుపోవడం వల్ల వస్తాయి. ఇక్కడ నూనె పనికిరాదు, పౌడర్ మందంగా చల్లినా అంతే. చన్నీళ్ల స్నానం, పలుచని నూలు బట్ట, గాలి.

రాత్రి మంచం ఎక్కగానే వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ దురద

ఇంట్లో ఇంకొకరు కూడా గీరుకుంటున్నారా? అయితే గజ్జి కావచ్చు. చర్మంలో దూరే సన్నని పురుగు వల్ల వస్తుంది. యాపాకు వేసి మరిగించి చల్లార్చిన నీళ్లు పోసుకుంటే కాసేపు హాయిగా ఉంటుంది, పురుగు మాత్రం చావదు. డాక్టర్ రాసిచ్చే పర్మెత్రిన్ క్రీమును ఇంట్లో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకుని పొద్దున కడగాలి. సాధారణంగా వారం తర్వాత మళ్లీ రాయమంటారు. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఒక్కరే రాసుకుంటే పక్కవాళ్ల నుంచి తిరిగి అంటుకుంటుంది. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు, భయపడొద్దు.

గజ్జల్లో గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా

ఇది తామర, ఒక రకం ఫంగస్. ఇక్కడ నేనే తప్పు చేశాను. మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చుకున్నా, మూడు రోజుల్లో దురద మాయమైంది. నెల తిరిగేసరికి మచ్చ తొడ దాకా పాకింది. అందులో స్టెరాయిడ్ ఉందట. అది దురదను అణుస్తుంది, ఫంగస్‌కు మేలు చేస్తుంది. చోటు పొడిగా ఉంచుకోండి, తడి లోదుస్తులతో ఉండకండి, మందు మాత్రం చర్మం డాక్టర్ రాసిందే వాడండి. వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు దవాఖానాలో ఓపీ చీటీ తీసుకున్నా చాలు.

ఏ దురదకైనా నిమ్మరసం, సున్నం పెట్టకండి, చర్మం కాలుతుంది. యాపాకు ముద్ద కూడా కొందరికి పడదు, ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి.

మచ్చా పొక్కూ లేకుండా ఒళ్లంతా వారాల తరబడి దురదంటే లోపల కాలేయం, కిడ్నీ, థైరాయిడ్ సంగతి కావచ్చు, రక్త పరీక్ష చేయించాలి. పెదవులు వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం ఇంటి మందు ఆలోచన వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.