కొత్త ఏడాదిలో అడవిలో గడపడానికి, అందుకు కావలసిన పనులు నేర్చుకోవడానికి లక్ష్యాలు రాసుకునే ముందు జాగ్రత్తలు

• ముందు అనుమతి సంగతి చూసుకోండి. నల్లమలలో అటవీ శాఖకు చెప్పకుండా రాత్రి బస పెట్టుకోవద్దు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో జూలై నుంచి సెప్టెంబర్ వరకు సందర్శకులను రానివ్వరు, ఆ నెలలు వదిలేయండి.

• నిప్పు రాజేయడం నేర్చుకోవాలని చాలామందికి ఉంటుంది. రిజర్వ్ ఫారెస్టులో అది నేరం. పెరట్లోనో సొంత పొలంలోనో, బకెట్ నీళ్లు పక్కన పెట్టుకుని చేయండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మాత్రం అసలు వద్దు. ఎండుటాకు భగ్గుమంటే ఆపడం మన వల్ల కాదు.

• లక్ష్యాలు రెండు చాలు. నా మాటైతే తాడుతో ముడులు వేయడం, దిక్సూచి వాడటం.

• పాము కాటుకు గాటు పెట్టకూడదు, బిగించి కట్టకూడదు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోండి.

• ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టండి.