మిలిటరీ సెర్చ్‌లైట్‌ని జనరేటర్ మీద వెలిగించాలంటే

పాత మిలిటరీ సెర్చ్‌లైట్ కొన్నవాళ్ళు ముందు దానికి పెయింట్ వేయిస్తారు, పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. జనరేటర్ సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. నన్నడిగితే పని అక్కడ్నించే మొదలెట్టాలి. బెజవాడ సినిమా హాళ్ళలో కార్బన్ ఆర్క్ ప్రొజెక్టర్లు నడిపినవాణ్ణి. రెండు కార్బన్ పుల్లల మధ్య కరెంటు దూకి వెలిగే మంటే ఆర్క్, ఈ సెర్చ్‌లైట్‌లోనూ అదే. కార్బన్లు పోయాక ఆటోనగర్‌లో జనరేటర్లు అద్దెకిచ్చే పనిలోకి దిగాను. అందుకే ఇలాంటివి ఎవరికి దొరికినా నా దగ్గరికే తెస్తుంటారు.

ముందు దీపం మీదున్న రేకు పలక చదవండి. వోల్టులు, యాంపియర్లు, ఏసీనా డీసీనా అన్నీ అందులోనే ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకాశంలో శత్రు విమానాల్ని వెతకడానికి అమెరికా సైన్యం వాడిన 60 అంగుళాల దీపాన్నే తీసుకోండి. ఆర్క్ దగ్గర 78 వోల్టులు, 150 యాంపియర్లు, డీసీ. గుణిస్తే 11,700 వాట్లు. యుద్ధం అయ్యాక అక్కడ వాటిని సర్‌ప్లస్ కింద అమ్మేస్తే, సినిమా ప్రీమియర్లకీ షాపుల ఓపెనింగులకీ కొనుక్కున్నారు. అవి డీసీ జనరేటర్‌తో సహా సెట్టుగా వచ్చేవి. మన చేతికి వచ్చేసరికి దీపం ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి మామూలు త్రీఫేజ్ డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) పెట్టుకుని, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వేసుకోవాలి. పాత హాల్లో మూలన పడున్న రెక్టిఫయర్ తెచ్చేద్దామనుకుంటారు చాలామంది. అది ఇంత లోడు మొయ్యడం అనుమానమే. దారిలో పోయే నష్టాలన్నీ కలుపుకుంటే పైన చెప్పిన సైజు దీపానికి 25 కేవీఏకి తక్కువ సెట్ నేనైతే పంపను. పెళ్ళిపందిట్లో సీరియల్ బల్బులకు పెట్టే చిన్న పెట్రోల్ జనరేటర్ దీని ముందు నిలబడదు.

అసలు కిటుకు బ్యాలస్ట్‌లో, అంటే కరెంట్‌ని అదుపులో పెట్టే రెసిస్టెన్స్‌లో ఉంది. ఆర్క్‌లో కరెంట్ పెరిగేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది. అడ్డు లేకపోతే అది ఇంకా ఇంకా లాగేస్తుంది, ఫ్యూజులు పోతాయి, రెక్టిఫయర్ డయోడ్లూ పోతాయి. అందుకని వరసలో ఒక రెసిస్టెన్స్ ఉండి తీరాలి. అది బాగా కాలుతుంది, గాలి తగిలేచోట పెట్టండి. దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసే కుర్రాళ్ళను చూశాను, వాళ్ళను దూరంగా ఉంచండి.

స్థలం గట్టిగా, చదునుగా ఉండాలి. కృష్ణ ఒడ్డున ఇసుకలో నిలబెడితే చక్రాలు దిగబడి వెలుగు పక్కకు వాలుతుంది. జనరేటర్ దూరంగా, పొగ జనం మీదికి రాకుండా పెట్టండి. షెడ్డులోపల మాత్రం నడపొద్దు, ఆ పొగకు ప్రాణాలు పోతాయి. ఎర్త్ రాడ్ దింపి నీళ్ళు పోయండి. పోలీసులకీ గన్నవరం ఎయిర్‌పోర్టు వాళ్ళకీ ముందే చెప్పి, అనుమతి చేతికొచ్చాకే వెలిగించండి.

కార్బన్లు పొడిగా ఉండాలి. వానాకాలంలో చెమ్మ పట్టినవి చిటపటలాడతాయి. లావుది పాజిటివ్, అది దాని క్లాంపులోనే పడాలి. వెలుగులో చాలా భాగం దాని కొనలో ఏర్పడే గుంటలోంచే వస్తుంది, ఆ గుంట దీపం వెనకున్న గుండ్రటి అద్దం వైపు తిరిగి ఉంటుంది. వైర్లు తారుమారైతే గుంట సన్నదాంట్లో పడుతుంది. వెలుగు మందగిస్తుంది, పుల్ల చూస్తుండగానే అరిగిపోతుంది.

జనరేటర్ లోడు లేకుండా స్టార్ట్ చేసి, 50 హెర్ట్జ్ దగ్గర నిలకడపడనివ్వండి. దీపం ఫ్యాన్ ఆన్ చెయ్యండి. అప్పుడు రెండు కార్బన్లనూ ఒక్కసారి ముట్టించి వెంటనే వెనక్కి తీయండి. ఇంజిన్ ఒక్క క్షణం మూలుగుతుంది, కంగారు పడొద్దు. మొదట వెలుగు ఊగుతుంది, సన్నగా బుస కొడుతుంది. గుంట కుదురుకున్నాక శబ్దం సమంగా మారుతుంది. ఇక మీ చూపు యాంపియర్ మీటర్ మీదే ఉండాలి. ముల్లు దిగుతుంటే కార్బన్లు అరిగి ఎడం పెరిగిందన్నమాట, కొంచెం ముందుకు జరపాలి. ఆటోమేటిక్ ఫీడ్ ఉన్నా దాన్ని నమ్మి టీకి వెళ్ళొద్దు.

మా దగ్గర చేరిన ప్రతి కుర్రాడూ, “బాబాయ్, తలుపు తీసి ఒక్కసారి చూడనా?” అంటాడు. “నల్లద్దంలోంచి చూడరా, లేకపోతే రాత్రంతా కళ్ళు మండి నీళ్ళు కారతాయి” అంటాను. వెల్డింగ్ దగ్గర వచ్చే బాధే ఇది, కాకపోతే ఎక్కువ.

గాలిలో దుమ్మో చెమ్మో ఉంటేనే ఆకాశంలో వెలుగు స్తంభంలా కనబడుతుంది. జోరువాన వెలిసి గాలి కడిగినట్టున్న రాత్రి అంత వెలుగూ పైకి పోతుందే గానీ కింద జనానికి పెద్దగా ఆనదు. పుష్యమాసపు మంచులో మాత్రం కన్నుల పండగే. అద్దెకు తీసుకునేవాళ్ళు, వానలింకా పూర్తిగా పోని దసరాకి అడిగితే, ఈ మాట ముందే చెప్పి అడ్వాన్స్ తీసుకోండి. ఉత్త హంగామాకైతే ఇప్పటి షార్పీ లైట్లు (స్టేజీల మీద సన్నటి వెలుగు గీతలు తిప్పే లైట్లు) చవక, టెన్షన్ ఉండదు, అదీ చెప్పండి.

ఆపేటప్పుడు కార్బన్లు విడదీసి, సప్లై కట్ చేసి, ఫ్యాన్‌ను దీపం చల్లారేదాకా తిరగనివ్వండి. ఇంజిన్‌ని కాసేపు లోడు లేకుండా నడిపి అప్పుడు ఆపండి. అద్దం మీద బూడిదని పూర్తిగా చల్లారాకే మెత్తని నూలుగుడ్డతో, రుద్దకుండా తుడవాలి. తెల్లారేలోగా గుడారం గుడ్డ కప్పి కట్టెయ్యండి. ఆ అద్దంలో గుంటూరు ఎండ పడిందంటే ఎదురుగా ఉన్న వైర్లు కాలిపోతాయి.